పదాల చివరలు కలిపి జతలు కట్టే లెక్క: పొడవైన చివర నుంచి ఎందుకు మొదలుపెట్టాలి

మీరు అడిగిన లెక్క క్లుప్తంగా ఇది. కొన్ని పదాలు ఇస్తారు, ఏ రెండూ ఒకటి కావు. వాటిలోంచి వీలైనన్ని పదాలు ఎంచుకుని రెండేసి చొప్పున జత కట్టాలి. జతలోని రెండు పదాలకీ చివరి భాగం ఒకటే కావాలి. ఆ చివర ఒక్క అక్షరమైనా ఫరవాలేదు. ఒక జత కోసం ఒక చివర వాడేశాక, అదే చివరని ఇంకో జత వాడుకోకూడదు. మొత్తం ఎన్ని పదాలు జతల్లో కూర్చోగలవు అన్నదే జవాబు.

మీరు మూడు రకాలుగా రాశానని చెప్పారు. మొదటి కోడ్ చిన్న ఉదాహరణలు దాటి పెద్ద టెస్టుల్లో తక్కువ జవాబు ఇచ్చింది. రెండోది, మూడోది ఎక్కువ జవాబు ఇచ్చాయి. తర్వాత అదే కోడ్‌ని తెలుగు పదాల మీద నడిపితే అసలు అర్థం కాని అంకె వచ్చింది. నాలుగింటికీ కారణాలు వేరు వేరు. ఒక్కటి సరిచేసి నడిపితే ఇంకొకటి బయటపడుతుంది కాబట్టే మీకు అంత టెన్షన్ వచ్చింది.

ఈ లెక్క 2019లో గూగుల్ నడిపిన ప్రోగ్రామింగ్ పోటీ కోడ్ జామ్ రౌండ్ 1ఎ లో 'ఏలియన్ రైమ్' పేరుతో వచ్చింది. అక్కడ చిన్న టెస్టులో 6 పదాల దాకా, పెద్ద టెస్టులో 1000 పదాల దాకా ఉండేవి. పదం పొడవు 50 అక్షరాలు మించదు. ఈ కొలతలు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

మొదటి కోడ్ సంగతి చూద్దాం. మీరు చివరి ఒక్క అక్షరంతో మొదలుపెట్టి, అది కలిసిన రెండు పదాలని జత కట్టి, తర్వాత రెండక్షరాల చివరలకి, మూడక్షరాల చివరలకి వెళ్లారు. ఈ నాలుగు పదాలు తీసుకోండి: నడక, పలక, పడక, మరక. మీ కోడ్ ముందు 'క' చూస్తుంది. వరసలో మొదటి రెండూ, నడక, పలక, జత అయిపోతాయి. 'క' ఖర్చయిపోయింది. ఇక మిగిలినవి పడక, మరక. వీటికి కలిసేది 'క' ఒక్కటే, అది లేదు. జవాబు 2 అని వస్తుంది. కానీ నడక, పడకలని 'డక' మీద కట్టి, పలక, మరకలని 'క' మీద కడితే నాలుగూ కూర్చుంటాయి. ఇచ్చిన వరసలో నడక పక్కన పడక ఉండి ఉంటే మీ కోడ్ కూడా మొదట ఆ రెండిటినే జత కట్టేది, తర్వాత పలక, మరక మిగిలిపోయేవి. అప్పుడూ తప్పే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. ఈ లెక్కలో కొరత ఉన్నది పదాలకి కాదు, చివరలకి. 'క' అనే చివర నాలుగు పదాలకీ పనికొస్తుంది. 'డక' రెండింటికే పనికొస్తుంది. అందరికీ పనికొచ్చేదాన్ని ముందే ఖర్చుపెట్టేస్తే, కొందరికే పనికొచ్చేది వృథాగా పడి ఉంటుంది. కాబట్టి పొడవైన చివర నుంచి పొట్టి చివరకి రావాలి.

ఇలాంటి లెక్క మొదటిసారి ఎదురైనప్పుడు నేను దీన్ని గ్రాఫ్‌లో మ్యాచింగ్ సమస్య అనుకున్నాను. పదాలు చుక్కలు, చివర కలిస్తే గీత, 1965లో ఎడ్మండ్స్ ఇచ్చిన బ్లాసమ్ పద్ధతితో గరిష్ఠ మ్యాచింగ్ (వీలైనన్ని ఎక్కువ జతలు) తీస్తే సరిపోతుందని. సరిపోదు. ఒక చివరని ఒక్కసారే వాడాలన్న షరతు ఆ గ్రాఫ్‌లో ఎక్కడా పట్టదు. 'ఏ పదానికి ఏ పదం' అని వెతకడం మానేసి 'ఏ చివర దగ్గర ఎన్ని పదాలు మిగిలాయి' అని అడగడం మొదలుపెట్టాకే నాకు దారి దొరికింది. మీరు కూడా ఆ ప్రశ్నకి మారండి.

పొడవు నుంచి మొదలుపెట్టడం సరైనదే అని నమ్మకం కలగాలంటే కారణం తెలియాలి. టెస్టులు పాస్ అయ్యాయి కదా అని వదిలేస్తే, షరతు కొంచెం మారినప్పుడు మళ్లీ మొదటికొస్తారు.

రెండు లేదా అంతకన్నా ఎక్కువ పదాలకి కలిసే చివరల్లో అన్నిటికన్నా పొడవైనది ఒకటి తీసుకోండి, దాన్ని 'చ' అందాం. ఆ చివర ఉన్న రెండు పదాలని 'అ', 'ఆ' అందాం. ఎవరో మనకి అత్యుత్తమమైన జవాబు తెచ్చి ఇచ్చారు, అందులో 'చ' వాడలేదు అనుకుందాం. అ, ఆ రెండూ ఆ జవాబులో ఏ జతలోనూ లేకపోతే, వాటిని 'చ' మీద జత కట్టి ఇంకో రెండు పదాలు పెంచవచ్చు. అంటే అది అత్యుత్తమం కాదన్నమాట. అ, ఆ ఒకదానితో ఒకటే ఇంకో పొట్టి చివర మీద జతగా ఉంటే, వాటిని 'చ' మీదకి మార్చండి, లెక్క తగ్గదు. అ మాత్రమే ఇంకో పదంతో జతగా ఉంటే, దాన్ని విడగొట్టి అ, ఆలని 'చ' మీద కలపండి. ఒక పదం బయటికి పోయింది, ఒకటి లోపలికి వచ్చింది. లెక్క సమానం.

కష్టంగా కనిపించేది చివరి సందర్భం. 'అ' అనే పదం 'ఇ' అనే ఇంకో పదంతో, 'ఆ' అనే పదం 'ఈ' అనే ఇంకో పదంతో జతగా ఉన్నాయి. మొదటి జత చివర, రెండో జత చివర రెండూ 'చ' కన్నా పొట్టివి, రెండూ 'చ'లోనే చివరి ముక్కలు. ఎందుకంటే అ, ఆ రెండూ 'చ'తోనే ముగుస్తాయి, 'చ' కన్నా పొడవైన చివర ఏ రెండిటికీ కలవదు. ఒకే పదం నుంచి తీసిన రెండు చివరి ముక్కల్లో పొట్టిది పొడవైనదానిలో ఇమిడే ఉంటుంది. కాబట్టి ఇ, ఈ రెండింటికీ ఆ పొట్టి ముక్క ఉంది. అ, ఆలని 'చ' మీద, ఇ, ఈలని ఆ పొట్టి ముక్క మీద కలిపేయండి. నాలుగు పదాలూ అలాగే ఉన్నాయి, పైగా ఒక చివర ఖాళీ అయింది. ఎలా చూసినా 'చ' వాడటం వల్ల నష్టం లేదు. ఆ జతని పక్కన పెట్టి, మిగిలినవాటి మీద ఇదే మాట మళ్లీ చెప్పుకుంటూ పోవచ్చు. ఈ గ్రీడీ పద్ధతికి (ప్రతి మెట్టులో అప్పటికి మేలైనది తీసుకుంటూ పోవడానికి) ఆధారం ఇంతే.

'మరి చ చివర మూడు పదాలుంటే ఏ రెండు తీయాలి?' అని మీరు అడిగారు. ఏ రెండైనా ఒకటే. ఆ మూడింటికీ అంతకన్నా పొడవైన, ఇంకా వాడుకోదగిన చివర మిగల్లేదు. పొట్టి చివరలన్నీ మూడింటికీ ఒకటే. కాబట్టి ముందు ముందు లెక్కకి ఆ మూడు పదాల మధ్య తేడా లేదు. పదాల పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు, ఎన్ని మిగిలాయో తెలిస్తే చాలు.

పలక, అలక, మొలక, నడక, పడక, మరక అనే ఆరు పదాల మీద చేతితో చేసి చూడండి. రెండక్షరాల చివరల్లో 'లక' కింద మూడున్నాయి, రెండు జతకి పోయి ఒకటి మిగిలింది. 'డక' కింద రెండూ జత అయ్యాయి. 'రక' కింద ఒంటరిగా ఒకటి. 'క' దగ్గరికి వచ్చేసరికి లక నుంచి ఒకటి, రక నుంచి ఒకటి, మొత్తం రెండు. అవీ జత అయ్యాయి. జవాబు 6. ఇదే వరస మీ మొదటి కోడ్‌కి ఇస్తే 4 వస్తుంది.

ఇప్పుడు రెండో కోడ్. అందులో మీరు పొడవు నుంచి పొట్టికి తిప్పారు, అది సరే. కానీ ఒక చివర కింద రెండు పదాలున్నంతసేపూ జతలు తీస్తూ పోయే లూప్ పెట్టారు. కలత, మమత, నడత, చరిత ఇస్తే 'త' మీదే రెండు జతలు కట్టేసి 4 అంటుంది. సరైన జవాబు 2. లూప్ తీసేసి, 'రెండున్నాయా, అయితే ఒక్క జత' అని ఒక్కసారి అడిగితే చాలు.

మూడో కోడ్‌లో ఆ తప్పు లేదు, కానీ పొడవుల లూప్ సున్నా దాకా పోయింది. సున్నా పొడవు చివర అంటే ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పదం), అది అన్ని పదాలకీ కలుస్తుంది. కల, వల, వాన, కోట ఇస్తే కల, వల సరిగ్గా 'ల' మీద కలిసి, తర్వాత వాన, కోట ఏ పోలికా లేకుండా జత అయిపోతాయి. 1 దగ్గర ఆగాలి. ఈ తప్పు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే చివరికి మిగిలినవి ఒకటి లేదా సున్నా అయిన టెస్టుల్లో ఇది బయటపడదు.

మూడూ సరిచేస్తే మీ డిక్షనరీ పద్ధతే (ఏ చివర కింద ఏ పదాలున్నాయో దాచే పట్టిక) చక్కగా పనిచేస్తుంది. ప్రతి పొడవుకీ కొత్త డిక్షనరీ తీసుకుని, మిగిలిన పదాల చివరలని అందులో గుంపులు చేయాలి. రెండున్న ప్రతి గుంపు నుంచి రెండు పదాలు తీసేయాలి. ఆ పొడవు కన్నా పొట్టి పదాన్ని ఆ రౌండ్‌లో ముట్టుకోకూడదు. పైథాన్‌లో పదం కన్నా పెద్ద పొడవుతో చివర కోస్తే తప్పు చూపించదు, మొత్తం పదాన్నే ఇచ్చేస్తుంది. పొడవు సరిపోతుందో లేదో మీరే చూడాలి.

వేగం గురించి భయం వద్దు. 1000 పదాలు, 50 పొడవులు, అంటే ఒక టెస్టుకి 50,000 సార్లు డిక్షనరీ తెరవడం. ప్రతిసారీ 50 అక్షరాల దాకా కోసినా 25 లక్షల అక్షరాల పని. సాధారణ కంప్యూటర్‌కి ఇది లెక్కలోకి రాదు. పోటీలో కూర్చున్నప్పుడు నేనైతే ఇదే రాస్తాను, ట్రై (పదాలని అక్షరం అక్షరంగా కొమ్మల్లో పేర్చే చెట్టు) జోలికి పోను.

కానీ పదాల పొడవు లక్షల్లోకి పోతే ఈ కోత భారం అవుతుంది. ఒక్క పదం పొడవు లక్ష అయితే దాని చివరలన్నీ కోయడానికే 500 కోట్ల అక్షరాల పని. అప్పుడు ట్రై కావాలి. ఈ నిర్మాణాన్ని 1959లో రెనే ద లా బ్రియాందే వివరించాడు, 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ రిట్రీవల్ అనే మాట మధ్యలోంచి తీసి ఆ పేరు పెట్టాడు. ఆయన 'ట్రీ' అనే పలికేవాడు. మామూలు ట్రీతో కలిసిపోకుండా ఇప్పుడు చాలామంది ట్రై అంటారు.

ట్రై మొదళ్లు కలిసే పదాలని ఒక దారిలో పెడుతుంది. మనకి చివరలు కావాలి కాబట్టి పదాన్ని తిప్పి ఎక్కించాలి. పలక అన్నది క, ల, ప వరసలో దిగుతుంది. అప్పుడు ప్రతి నోడ్ (చెట్టులో ఒక్కో మజిలీ) ఒక చివర, నోడ్ ఎంత లోతులో ఉంటే చివర అంత పొడవు. ప్రతి నోడ్ తన పిల్లల నుంచి మిగిలిన పదాల సంఖ్య తీసుకుని, రెండుంటే ఒక జత కట్టి, మిగతాది పైకి పంపుతుంది. ఏ భాషలో రాసేవారికైనా అందేలా తెలుగులోనే మెట్లు రాస్తున్నాను:

పని లెక్క(నోడ్, లోతు):
    మిగిలినవి = ఈ నోడ్ దగ్గర ముగిసిన పదాల సంఖ్య
    నోడ్‌కి ఉన్న ప్రతి పిల్లకీ:
        మిగిలినవి = మిగిలినవి + లెక్క(పిల్ల, లోతు + 1)
    లోతు > 0, మిగిలినవి >= 2 అయితే:
        జతలు = జతలు + 1
        మిగిలినవి = మిగిలినవి - 2
    మిగిలినవి వెనక్కి ఇవ్వు

చివరికి జవాబు జతలకి రెండింతలు. 'ఈ నోడ్ దగ్గర ముగిసిన పదాల సంఖ్య' అన్న వరసని తేలిగ్గా తీసుకోకండి. లత, కలత అనే రెండు పదాలుంటే, లత పూర్తిగా కలత చివరలో ఉంది. లత ముగిసే నోడ్ ఆకు (పిల్లలు లేని నోడ్) కాదు, మధ్యలో ఉంది. ఆకుల దగ్గరే పదాలు లెక్కపెట్టే కోడ్ లతని మరిచిపోతుంది, జవాబు 2 బదులు 0 వస్తుంది.

పదాలు పొడవైనప్పుడు ఈ రికర్షన్ (పని తనని తానే పిలుచుకోవడం) ఇంకో ఇబ్బంది పెడుతుంది. పైథాన్ మామూలుగా 1000 లోతు దగ్గర ఆపేస్తుంది. హద్దు పెంచడం కన్నా మంచి మార్గం ఉంది, నేను ఎప్పుడూ అదే వాడతాను. నోడ్లకి పుట్టిన వరసలో 0, 1, 2 అని నంబర్లు ఇవ్వండి (0 అంటే రూట్, అన్నిటికీ పైనున్న ఖాళీ చివర నోడ్), ప్రతి నోడ్‌కీ తల్లి నంబర్ రాసిపెట్టుకోండి. తల్లి ఎప్పుడూ బిడ్డ కన్నా ముందే పుడుతుంది కాబట్టి తల్లి నంబర్ చిన్నది. ఇక అతి పెద్ద నంబర్ నుంచి 1 దాకా ఒక్క లూప్‌లో వెనక్కి రండి. ప్రతి నోడ్ దగ్గర రెండుంటే జత కట్టి, మిగిలింది తల్లి ఖాతాలో కలపండి. రికర్షన్ అక్కర్లేదు. లూప్ 1 దగ్గర ఆగుతుంది కాబట్టి ఖాళీ చివర తప్పు కూడా దానంతటదే పోతుంది.

మెమరీ కూడా ఒకసారి చూసుకోండి. 1000 పదాలు, 50 అక్షరాలు అంటే రూట్ కాకుండా 50,000 నోడ్లు మించవు. నోడ్‌కి ఇంగ్లీషు అక్షరానికొకటి చొప్పున 26 పాయింటర్లు (పిల్ల నోడ్ల చిరునామాలు), ఒక్కోటి 8 బైట్లు అనుకున్నా మొత్తం కోటి బైట్ల చుట్టుపక్కలే. అక్షరాల మొత్తం 10 లక్షలైతే అదే లెక్క 20 కోట్ల బైట్లు దాటుతుంది. అప్పుడు పాయింటర్ల బదులు 4 బైట్ల నంబర్లు పెట్టండి, లేదా నోడ్‌కి చిన్న డిక్షనరీ ఇవ్వండి. ఒకే రన్‌లో చాలా టెస్టులుంటే ప్రతి టెస్టుకీ ముందు ట్రైని ఖాళీ చేయడం మర్చిపోవద్దు.

'కేఎంపీ గానీ సఫిక్స్ అర్రే గానీ వాడాలా?' అన్నారు. 1977 నాటి కేఎంపీ (నూత్, మోరిస్, ప్రాట్‌ల పద్ధతి) ఒక ముక్కని పెద్ద పాఠంలో వెతకడానికి, ఇక్కడ వెతకాల్సిన ముక్క లేదు. సఫిక్స్ అర్రే ఒకే స్ట్రింగ్‌లోని చివరలన్నిటినీ వరస పెడుతుంది. మనది వేరు వేరు పదాల గుంపు. తిప్పిన పదాలని సార్ట్ చేసి, పక్కపక్క పదాల పోలిక పొడవులతో స్టాక్ నడిపి కూడా ఇదే జవాబు తేవచ్చు, కానీ రాయడంలో తప్పులు ఎక్కువ దొర్లుతాయి.

సరిచేశాక మీ కోడ్‌ని పరీక్షించడానికి ఒక మొండి కోడ్ కూడా రాయండి. 6 పదాల దాకా అన్ని రకాల జతలూ ప్రయత్నించి, ప్రతి జతకీ ఇంకా వాడని చివర ఒకటి ఎంచి చూసేది. ఆరు పదాలని జతలుగా, ఒంటరులుగా విడదీసే మార్గాలు 76 మాత్రమే కాబట్టి అది క్షణంలో అయిపోతుంది. తర్వాత రెండే రెండు అక్షరాలతో, ఒకటి నుంచి నాలుగు పొడవుల్లో యాదృచ్ఛికంగా పదాలు పుట్టించి రెండు కోడ్‌లనీ పోల్చండి. 26 అక్షరాలతో పుట్టిస్తే చివరలు దాదాపు కలవవు, తప్పులు దాక్కుంటాయి. మీ మూడు కోడ్‌ల తప్పులూ, ఆకుల దగ్గరే లెక్కపెట్టే తప్పూ ఇలా రెండే అక్షరాలతో పుట్టించిన పదాల మీద ఇట్టే బయటపడతాయి.

ఇక తెలుగు పదాల సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం. మీరు దీన్ని ప్రాస వెతకడం అన్నారు. మన ఛందస్సులో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం, చివరలు కలవడం అంత్యప్రాస. కోడ్‌లో వేరియబుల్‌కి ఆ పేరు పెట్టుకుంటే తర్వాత చదివేవారికి తికమక ఉండదు.

మనకి 'వ్వు' ఒక అక్షరం. కంప్యూటర్లు లిపులని దాచుకునే యూనికోడ్‌లో అది నాలుగు కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకీ ఇచ్చిన నంబర్లు): వ, పొల్లు, వ, ఉకారపు గుర్తు. కోడ్ పాయింట్ల మీద నడిచే మీ కోడ్‌కి నవ్వు, పువ్వు అనే పదాలు నాలుగు వేరు వేరు చివరల్లో కలుస్తాయి. మనిషికి కలిసేది ఒక్క 'వ్వు'. నవ్వు, పువ్వు, తవ్వు, రువ్వు ఇచ్చి చూడండి. అక్షరాల ప్రకారం నాలుగింటికీ 'వ్వు' ఒక్కటే ఉంది, జవాబు 2. కోడ్ పాయింట్ల ప్రకారం పువ్వు, రువ్వు ముందున్న ఉకారపు గుర్తుని కూడా కలుపుకుని ఇంకా పొడవైన చివర తీసుకుంటాయి, నవ్వు, తవ్వు వట్టి 'వ్వు' తీసుకుంటాయి, జవాబు 4. మీకు వచ్చిన వింత అంకెకి కారణం ఇదే. లేని చివరలు పుట్టుకొచ్చాయి.

ఇంకో తేడా కూడా వస్తుంది. అన్న, వాన రెండూ కోడ్ పాయింట్లలో 'న'తో ముగుస్తాయి. చెవికి 'న్న', 'న' ఒకటి కావు. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు స్ట్రింగ్ తీసుకుని బైట్ల మీద నడిపితే పరిస్థితి ఇంకా అన్యాయం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ మూడు బైట్లు, దాంతో ఒక గుర్తులో మూడో వంతు కూడా 'చివర' అయిపోతుంది.

కాబట్టి ముందు పదాన్ని అక్షరాలుగా విడగొట్టి, ఆ జాబితాని తిప్పి ట్రైలో ఎక్కించండి. నియమం తేలికే. అచ్చు వస్తే కొత్త అక్షరం మొదలు. హల్లు వస్తే, దాని ముందున్నది పొల్లు కాకపోతే కొత్త అక్షరం మొదలు. పొల్లు అయితే అది వత్తు, పాత అక్షరంలోనే కలుస్తుంది. గుణింతపు గుర్తులు, సున్న, అరసున్న, విసర్గ, పొల్లు అన్నీ ముందు అక్షరానికే అంటుకుంటాయి. దానికన్నా ముందు పదాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఒకే అక్షరాన్ని రాసే వేరు వేరు తీరులని ఒకటి చేసే యూనికోడ్ రూపం) మార్చండి, ఎందుకంటే ఐత్వాన్ని ఒక్క కోడ్ పాయింట్‌గానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు రెండు కలిపీ రాయవచ్చు. చూడటానికి రెండూ ఒకటే, పోల్చితే వేరు. టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత చేరే కనిపించని జీరో విడ్త్ గుర్తులు పదం చివర ఉంటే వాటినీ తీసేయండి.

కాలు, పాలు లాంటివి మాత్రం మీరు నిర్ణయించుకోవాల్సిన విషయం. అక్షరాల ప్రకారం కలిసేది 'లు' ఒక్కటే. చెవికి మాత్రం ముందున్న దీర్ఘం కూడా కలిసి 'ఆలు' అని వినిపిస్తుంది. అలా వినిపించేదాన్ని పట్టుకోవాలంటే పదాన్ని ధ్వనులుగా విడగొట్టాలి, గుర్తు లేని హల్లుకి అకారాన్ని మీరే చేర్చాలి. అప్పుడు కాలు క్, ఆ, ల్, ఉ అవుతుంది. ట్రై, కింది నుంచి పైకి లెక్క అలాగే ఉంటాయి, ఎక్కించే ముక్కలు మాత్రమే మారతాయి. ఒకటి గమనించండి: ధ్వనులుగా విడగొడితే ఒంటరి 'ఉ' కూడా చివర అవుతుంది, అలాంటప్పుడు నవ్వు, కాలు కూడా జత కట్టవచ్చు. అది వద్దనుకుంటే లూప్‌లో లోతు కనీసం 2 ఉన్న నోడ్ల దగ్గరే జత కట్టమని షరతు పెట్టండి. ముందు అక్షరాల పద్ధతిలో నవ్వు, పువ్వు, తవ్వు, రువ్వు పెట్టి 2 వస్తుందో లేదో చూసి, తర్వాత ధ్వనులకి మారండి.